దీవి గ్రామమునకు దీపము – సంఘము ముందు, పలకలు తరువాత



గద్వాల మండలములో గుర్రంగడ్డ యను గ్రామము కలదు. కృష్ణానది రెండు పాయలుగా చీలి మరల కలియు చోట, ఆ పాయల నడుమ వెలసిన యూరది. తెలంగాణములో జనులు కాపురముండు నదీద్వీపము అదియొక్కటే యని చెప్పుదురు. జూరాల గేట్లు ఎత్తి నీరు విడిచినప్పుడెల్ల ఆ యూరికి దారి తెగిపోవును. బియ్యము, ఉప్పు, మందులు ముందుగా తెచ్చి పెట్టుకొనవలెను. ఆడకూతురికి నొప్పులు వచ్చినను, పొలములో పాము కరచినను, పుట్టి నడుపువాని ధైర్యమే దిక్కు. వంతెన కొరకు ఆ గ్రామస్థులు ఏండ్లతరబడి మొరపెట్టుకొనిరి. అది న్యాయమైన కోరిక. దానిని గూర్చి వ్రాయుట నా పని కాదు. నేను వ్రాయదలచినది వెలుగును గూర్చి.

ఆ యూరికి ఎగువన జూరాల ప్రాజెక్టు విద్యుత్కేంద్రములో 39 మెగావాట్ల యంత్రములు ఆరు తిరుగుచున్నవి. అదే నదిపై దిగువ జూరాలలో 40 మెగావాట్లవి మరి యారు గలవు. రెండును కలిసి 474 మెగావాట్లు, అనగా 4,74,000 కిలోవాట్లు. ఒక దీవి గ్రామమునకు దీపములకును, పంకాలకును, త్రాగు నీటికిని నలువది కిలోవాట్లు చాలునని క్రింద లెక్క చూపెదను. నీరు పుష్కలముగా వచ్చి ఆ యంత్రములన్నియు తిరుగు దినములలోనే దీవికి దారి తెగును. అప్పుడు నది దాటివచ్చు తీగ తెగినను, స్తంభము ఒరిగినను, ట్రాన్స్‌ఫార్మరు కాలినను, బాగుచేయు లైన్‌మాను ఒడ్డున నిలిచి చూడవలసినదే. దీపము క్రింద చీకటి యని పెద్దలన్నది ఇట్టి దానినే.

నా మనవి యొక్కటే. దీవి గ్రామమునకు కావలసిన వెలుగు దీవిలోనే పుట్టవలెను. దానిని వాడుకొను వారే దానికి యజమానులు కావలెను. సర్కారును పలకలు అడుగుటకు ముందు సంఘమును నెలకొల్పుకొనవలెను. పలకలు ముందు వచ్చి సంఘము వెనుక వచ్చిన చోట వెలుగు నాలుగేండ్లు నిలువదు. ఈ మాట పుస్తకములో చదివి చెప్పుట లేదు. నా తప్పిదము వలన నేర్చుకొంటిని.

పది యేండ్లకు పూర్వము ఒక తండాకు సూర్యరశ్మి దీపముల స్తంభములు వచ్చినవి. ఆనాడు అచ్చట సభలో మాటలాడినవాడను నేనే. "ఇది ఖర్చులేని వెలుగు, నూనె అక్కరలేదు, బిల్లు రాదు" అని గొప్పగా చెప్పితిని. బ్యాటరీ యన్నది ఒకటి కలదనియు, అది కొన్నియేండ్లకు చచ్చుననియు, దానికి ఇప్పటినుండియే డబ్బు కూడబెట్టవలెననియు చెప్పనైతిని. నాలుగవ వానకాలమునకు ఒక్క దీపమైనను వెలుగుట లేదు. మరల పోయి చూచునప్పటికి ఒక స్తంభమునకు ఎద్దును కట్టియున్నారు. ఒక ముసలమ్మ నన్ను గుర్తుపట్టి, "సారూ, ఖర్చులేదంటివి. ఖర్చులేనిదానికి దిక్కులేకపాయె" అన్నది. నాకు బదులు తోచలేదు. చిన్ననాట మిషను బడిలో పదిమంది కన్యకల కథ చెప్పెడివారు. అందరి చేతను దివిటీలున్నవి; నూనె తెచ్చుకొన్నవారు అయిదుగురే. ఆ కథ వినియు నేను దివిటీలను గూర్చియే చెప్పి నూనె సంగతి మరచితిని.

ఇక విషయమునకు వత్తును. ముందుగా పలువురికి తెలియని సంగతి యొకటి చెప్పవలెను. నాగర్‌కర్నూలు జిల్లా వంగూరు మండలములోని కొండారెడ్డిపల్లిలో 2025లో ఇంటింటికి పైకప్పు పలకలు బిగించిరి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద మూడు కిలోవాట్ల పలకలకు కేంద్రప్రభుత్వము 78,000 రూపాయల వరకు సహాయము చేయును. ఇవి మంచి పనులే. అయితే పైకప్పుల మీద సామాన్యముగా బిగించు ఇన్వర్టరు ఊరి తీగతో ముడిపడి పనిచేయును. తీగలో కరంటు పోయినప్పుడు, ఎండ యెంత కాసినను, అదియు ఆగిపోవును. తీగను బాగుచేయువానికి ఇంటి పలకల కరంటు తగిలి ప్రాణము పోకుండుటకై అట్లు ఏర్పాటు చేసిరి. తీగ నిలుకడగా నున్న యూరికి ఇది లోపము కాదు. దీవి గ్రామమున నట్లు కాదు. నెత్తిపై పలకయున్నను వరదనాడు ఇల్లు చీకటిగనే యుండును. కావున దీవికి పలకతో బాటు బ్యాటరీయును, తీగ లేకున్నను నడువగల ఇన్వర్టరును ఉండితీరవలెను. పలకలు కొనునప్పుడు ఈ రెంటిని అడుగని వాడు నాగలి కొని కఱ్ఱు మరచినవాడు.

ఇప్పుడు లెక్క చూతము. నూటయేబది యిండ్ల దీవి యూరు ఉన్నదనుకొందము. ఒక ఇంటికి తొమ్మిది వాట్ల బల్బులు మూడు, ఆరుగంటలు, ముప్పది వాట్ల క్రొత్తరకపు పంకా ఒకటి, పది గంటలు, సెల్‌ఫోనులకు కొంచెము. ఇవన్నియు కలిపి దినమునకు అర యూనిటు. నూటయేబది యిండ్లకు డెబ్బదియైదు యూనిట్లు. త్రాగు నీటి మోటారుకును, బడికిని, మందులుంచు శీతలపు పెట్టెకును, వీధి దీపములకును మరి యిరువదియైదు. మొత్తము నూరు యూనిట్లు.

మన ప్రాంతమున ఒక కిలోవాటు పలక సంవత్సరము పొడుగున సగటున దినమునకు నాలుగు యూనిట్లు ఇచ్చును. ఆషాఢ శ్రావణములలో మబ్బుపట్టినప్పుడు మూడే ఇచ్చుననుకొందము. బ్యాటరీలోనికి పోయి వచ్చునప్పుడు జరుగు నష్టమును కూడ చూచుకొన్నచో నలువది కిలోవాట్లు కావలెను. ఇచ్చటనే ఒక చిక్కున్నది. దీవికి వెలుగు మిక్కిలి యవసరమగు వరద దినములలోనే ఎండ తక్కువ. ఈ మాట దాచి పలకలు అమ్మువారిని నమ్మవలదు. వరుసగా అయిదు దినములు ముసురు పట్టినచో ఇంటికి ఒక బల్బు, ఫోను, ఊరికి త్రాగునీరు, మందుల పెట్టె మాత్రమే నడుపుకొని మిగిలినవి ఆపుకొనవలెను. ఏది ముందు, ఏది వెనుక యని ముందుగనే తీర్మానము వ్రాసి ఉంచుకొన్న యూరికి అది కష్టము కాదు.

నలువది కిలోవాట్ల పలకలు ఎక్కడినుండి వచ్చునని యడుగుదురు. అయిదు గుఱ్ఱపు శక్తుల సౌరపంపుకు సుమారు అయిదు కిలోవాట్ల పలకలు కావలెను. ఎనిమిది పంపుల పలకలు కలిపిన నలువది కిలోవాట్లు. 2019లో ఆరంభమైన కుసుమ్ పథకములో తీగతో సంబంధము లేని సౌరపంపునకు కేంద్రము నూటికి ముప్పది, రాష్ట్రము ముప్పది ఇచ్చుట, మిగిలినది రైతు భరించుట యని ఏర్పాటు. 2025 మే నెలలో నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు మండలము మాచారమున రాష్ట్రప్రభుత్వము ఆరంభించిన ఇందిర సౌర గిరిజల వికాసము గిరిజన రైతుల పొలములకు సౌరపంపులు ఇచ్చుటకే ఏర్పడినది.

ఏటి యొడ్డున సేద్యము చేయు వారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. వరద వచ్చుచున్నదని దండోరా వినగానే రైతు మొదట చేయు పని మోటారును, స్టార్టరును ఒడ్డునుండి పైకి లాగుకొనుట. నీరు తగ్గువరకు ఆ పంపు తిరుగదు. దాని పలకలు ఎంత ఎండ కాసినను వ్యర్థముగా పడియుండును. అనగా పంపు పలకలకు పనిలేని దినములును, ఇంటి దీపములకు దిక్కులేని దినములును ఒక్కటే. యాసంగిలో పలకలు పైరునకు నీరు పెట్టును. వరదలో అవే పలకలు ఊరికి వెలుగునిచ్చును. పంపు పలకలతోనే పిండిమర, గడ్డి కోయు యంత్రము, బ్యాటరీ మొదలగునవి నడుపుటకు తగిన కంట్రోలర్లు ఇప్పుడు దొరకుచున్నవి. కొనునప్పుడే అట్టిది కావలెనని పట్టుపట్టవలెను. పలకలను 2009 అక్టోబరు వరద గుర్తుకు పైన, ఊరి మెరకమీద ఒకచోట నిలుపవలెను.

అయితే పలకలు ఎనిమిదిమందివి, దీపములు నూటయేబది యిండ్లవి. ఒకని పలకతో వేరొకని యింట దీపము వెలుగవలెనన్నచో నడుమ నమ్మకము కావలెను. నమ్మకమునకు లెక్కల పుస్తకము కావలెను. లెక్కల పుస్తకమునకు సంఘము కావలెను. అందుచేతనే ఇది విద్యుచ్ఛాఖ పని మాత్రమే కాదు, సహకారోద్యమపు పని యని నా యభిప్రాయము.

సంఘము కరంటు నడుపుట సాధ్యమా యని సందేహించువారు దూరము పోనక్కరలేదు. మన సిరిసిల్లలో 1970 నుండి సహకార విద్యుత్ సరఫరా సంఘము ఇంటింటికి కరంటు పంచుచున్నది. గుజరాతు రాష్ట్రము ఖేడా జిల్లా ఢుండీ గ్రామమున ఆరుగురు రైతులు సౌరపంపుల సహకార సంఘమును స్థాపించి, పొలమునకు మిగిలిన కరంటును 2016 నుండి విద్యుత్ కంపెనీకి అమ్మసాగిరి. ఇరువదియైదేండ్ల యొడంబడిక, యూనిటుకు 4 రూపాయల 63 పైసలు. నీరు వృథాగా తోడుటకంటె కరంటు అమ్ముట లాభమని వారికి లెక్క తెలిసిన పిమ్మట వేరొకరు నీతి చెప్పవలసిన పని లేకపోయెను.

దీవులలో ఇట్టి పని జరిగిన విధమును చూతము. స్కాట్లండునకు పడమట ఎగ్ అను దీవిలో సుమారు నూరుమంది ఉందురు. ఒడ్డునుండి తీగ లేదు. వెనుక ఎవరి డీజిలు యంత్రము వారు నడుపుకొనెడివారు. 1997లో దీవి వాసులు దీవిని తమ ట్రస్టు పేర కొనుక్కొనిరి. 2008 ఫిబ్రవరి 1వ తేది నుండి వాగునీరు, గాలి, ఎండ, ఈ మూటితోను తామే కరంటు పుట్టించుకొని రేయింబవళ్లు వాడుకొనుచున్నారు. వారి కట్టుబాటు గమనింపదగినది. ఏ యింటికైనను ఒక్కసారిగా అయిదు కిలోవాట్లకు మించి లాగుటకు వీలులేదు, వ్యాపారమునకు పది. ధనికుడని ఎక్కువ లేదు, పేదయని తక్కువ లేదు. మన చెరువు క్రింద నీరటికాడు వంతులవారీగా నీరు విడుచుట వంటిదే అది. వనపర్తి ప్రాంతమున చెరువుల క్రింద సాగుచేయు రైతులకు వంతు యన నేమో నేర్పనక్కరలేదు. తూము తెరచుటలో తెలిసిన న్యాయమును స్విచ్చు వేయుటలో పాటించుటయే మిగిలినది.

డెన్మార్కు దేశమున సామ్సో యను దీవిలో 2000వ సంవత్సరమున ఒక్కొక్క మెగావాటు గల గాలిమరలు పదునొకండు నెలకొల్పిరి. వానిలో తొమ్మిది అచ్చటి రైతులవి; రెండు, చిన్న వాటాలు కొన్న దీవివాసుల సహకార సంఘములవి. తమకు వాటా యున్నందున గాలిమరలపై దీవిలో వైరము పుట్టలేదు. గడ్డిని కాల్చి ఇండ్లకు వేడినీరు పంపు కేంద్రములును అచ్చట గలవు. మన వరిగడ్డిని పొలములోనే తగులబెట్టుచున్న వారు ఈ సంగతి తలంచుకొందురు గాక.

ఓడిన కథ కూడ చెప్పవలెను. వంగదేశమున గంగ సముద్రమును కలియు చోట సాగర్ ద్వీపము కలదు. అచ్చటి కమలపూర్ గ్రామమున 1996లో ఇరువదియారు కిలోవాట్ల సౌరవిద్యుత్కేంద్రమును నెలకొల్పిరి. సాయంకాలము కొన్ని గంటలు ఇండ్లకు కరంటు. వాడుకొనువారి సంఘము రుసుము వసూలు చేయును. పిల్లలు దీపముల వద్ద చదివిరి, అంగళ్లు ప్రొద్దుపోయినదాక తెరచియుండెను. ఆ త్రోవను మరికొన్ని గ్రామములు పట్టినవి. తరువాత నది దాటి పెద్ద స్తంభములపై తీగ వచ్చినది. తీగ రాగానే చౌక కరంటు వైపు అందరును మరలిరి. సౌరకేంద్రములు పెక్కు మూలపడినవి. తీగ రాకూడదని దీని యర్థము కాదు. తీగ వచ్చినను పనికివచ్చునట్లు, మిగిలినది తీగకు అమ్మునట్లు, తీగ తెగిన దినమున తన కాళ్లపై నిలుచునట్లు మొదటనే కట్టుకొనవలెనని యర్థము.

ఇచ్చట మన రైతులు నన్ను ఎదురు ప్రశ్న వేయుదురు. "2018 జనవరి 1 నుండి పొలము మోటారుకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు అని సర్కారే ప్రకటించినది. మేమేల నెలనెల చెల్లించవలెను?" న్యాయమైన ప్రశ్నయే. నా జవాబు ఇది. ఉచితమనునది తీగ చివరవరకే వచ్చును. తీగ తెగిన నాడు ఉచితమును లేదు, ఖరీదును లేదు; చీకటి యొక్కటే కలదు. ఇంటికి నెలకు నూరు రూపాయలు సంఘములో వేసినచో నూటయేబది యిండ్లకు ఏడాదికి 1,80,000. పదియేండ్లకు వడ్డీ గాక 18 లక్షలు. సీసపు బ్యాటరీ అయిదారేండ్లు నిలుచుట కష్టము. లిథియం బ్యాటరీ జాగ్రత్తగా వాడిన పదియేండ్లకు దగ్గరగా వచ్చును. ఆ గడువునాటికి డబ్బు చేతనున్న యూరు క్రొత్త బ్యాటరీ కొనుక్కొనును. లేని యూరు స్తంభమునకు ఎద్దును కట్టుకొనును.

"నదిలో నీరు పారుచున్నది గదా, చిన్న యంత్రము వేసి కరంటు తీయరాదా" యని మరికొందరందురు. జూరాల దిగువన నీరు గేట్లను బట్టి వచ్చును. వేసవిలో బండలు తేలును, వరదలో మ్రాకులు కొట్టుకొనివచ్చును. అట్టి చోట చిన్న యంత్రము నిలువదు. పేడతో గోబరు గ్యాసు మాత్రము ఇంటింటికి మేలు. వరదనాడు వంట చెరకు తడిసినను పొయ్యి వెలుగును.

వనపర్తి, నాగర్‌కర్నూలు సభ్యులు "మా యూరు దీవి కాదు గదా" యని ఈ పుట త్రిప్పివేయవలదు. నల్లమలలో అడవి చుట్టుకొన్న చెంచు పెంటలు దీవులు కావా? పెద్దపులుల అభయారణ్యములో తీగ లాగుట సులభము కాదు. లైను చివరన నున్న తండా, గాలివానకు మూడు దినములు కరంటు లేక పడియుండు శివారు పల్లె, ఇవియును దీవులే. నీరు చుట్టినను, అడవి చుట్టినను, అలక్ష్యము చుట్టినను ఊరివారి యవస్థ యొక్కటే.

కావున చేయవలసినది వరుసగా చెప్పెదను. మొదట గ్రామసభ కూడి, ఏ ఇంటికి ఎంత కావలెనో, వరదనాడు ఏది ముందు నడువవలెనో వ్రాసికొనవలెను. రెండవది, ఇప్పుడున్న పరపతి సంఘము ఈ భారము మోయగలదేమో విచారించి, కానిచో 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద వేరుగా సంఘమును రిజిష్టరు చేయవలెను. ప్రభుత్వము ప్రకటించిన గ్రామీణ ప్రాంతములలో కరంటు పుట్టించి పంచుటకు లైసెన్సు అక్కరలేదని 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టములో కలదు. అది తమ యూరికి వర్తించునో లేదో అధికారుల వలన వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. మూడవది, పలకలు రాకముందే ఆరునెలలు నెలకు నూరు వసూలు చేసి చూడవలెను. దీపము లేనప్పుడు డబ్బు కట్టిన యూరు దీపము వచ్చిన పిమ్మట తప్పక కట్టును. కట్టని యూరికి పలకలు ఇచ్చుట దండుగ. నాలుగవది, ఊరి యువకులలో ఇద్దరిని, ఒక స్త్రీని తప్పక చేర్చి, పలకలు తుడుచుట, తీగలు బిగించుట, బ్యాటరీ చూచుట నేర్పించి సంఘము జీతమిచ్చి ఉంచుకొనవలెను. పుట్టి దాటి రావలసిన మెకానిక్కును నమ్ముకొన్న దీవికి మరల మొదటి కథయే. అటుపిమ్మటనే, అయిదవదిగా, అర్జీ పట్టుకొని కలెక్టరు కచేరీకి పోవలెను. డబ్బును, పుస్తకమును, పనివారిని చూపి అడుగు ఊరిని త్రిప్పి పంపుట ఏ యధికారికిని సులభము కాదు.

ఇది నిదానమైన త్రోవ యని నేనెఱుగుదును. దీపములు తొందరగా వచ్చు త్రోవ వేరే యున్నది. ఆ త్రోవలో ఒకసారి నేనే ముందు నడచి, ఒక తండాను నాలుగేండ్లలో మరల చీకటికి చేర్చితిని. ఆ ముసలమ్మకు ఆనాడు చెప్పలేని బదులు ఇప్పుడు చెప్పుచున్నాను: తల్లీ, ఖర్చు కలదు, ఆ ఖర్చు మనదైనప్పుడే వెలుగును మనదగును. రాబోవు వానకాలమునకు ముందు మన సంఘముల సర్వసభ్య సమావేశములలో ఈ విషయమును చర్చకు పెట్టవలెనని సభ్యులను వేడుచున్నాను.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు